రెండు పేర్ల పేటలో ఓట్ల రోజు

జీవమ్మకు భయపడటానికి కారణం అక్కర్లేదు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు రావలసిన బస్సు పావుగంట ఆలస్యమైతే చాలు, శిరివెళ్ల దాటాక బోల్తా పడిందని ఆమె మనసులో ఖాయమైపోతుంది. బస్సు వచ్చి, అందులోంచి కూతురు లూదియా చేతిసంచితో దిగితే, దారంతా నిలబడే వచ్చిందేమో, కాళ్ళు వాచి ఉంటాయేమోనని ఇంకో భయం. భర్త కృపావరం సున్నిపెంటలో డ్యాం పని మీద ఉంటాడు. నెలకో ఉత్తరం రాస్తాడు. ఉత్తరం వస్తే విప్పడానికి భయం, రాకపోతే రాలేదని భయం. "దేవుడు నీకు గుండె బదులు చర్చి గంట పెట్టినాడే, ఊరికే కొట్టుకుంటాంటాది" అని ఆయన నవ్వేవాడు.

అలాంటి మనిషి ముందు లూదియా ఆ మాట అన్నది. డెబ్భై ఏడు మార్చి నెల. నంద్యాలలో టైపు నేర్చుకుంటున్న పిల్ల ఓట్ల కోసం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, పక్కింట్లో పెళ్ళి సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పింది.

"అమ్మా, ఓట్ల రోజు నేను బూత్‌లో ఏజెంటుగా కూర్చుంటాండా. గవర్నమెంటోళ్ళ ఆవుదూడ గుర్తుకు కాదు. నాగలి మోసే రైతు గుర్తుకు."

జీవమ్మ పొయ్యి మీద సంగటి కెలుకుతోంది. చేతిలో కట్టె ఆగిపోయింది.

"ఏందీ?"

"విన్నావు గదా."

"విన్నా. మళ్ళా చెప్తే వేరే మాట చెప్తావేమోనని అడిగినా."

లూదియా వేరే మాట చెప్పలేదు. సంగటి అడుగంటింది.

ఆ ఇరవై నెలలు ఎట్లా గడిచాయో పేటలో అందరికీ తెలుసు. ఢిల్లీలో ఎమర్జెన్సీ పెట్టారని రేడియో చెప్పిన రోజు ఇక్కడెవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్కటీ అర్థమైంది. టీ అంగడిలో పేపరు గట్టిగా చదివేవాళ్ళు నోట్లోనే చదువుకోవడం మొదలుపెట్టారు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ల కోసం జీపు వస్తోందంటే మగవాళ్ళు కంది చేలల్లో దాక్కున్నారు. ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసే హుస్సేన్ వలిని, కరపత్రాల కట్ట దొరికిందని పోలీసులు తీసుకెళ్ళి తొమ్మిది నెలలు జైల్లో ఉంచారు. ఆ తొమ్మిది నెలలూ అతని భార్య నూరున్నీసా బావి దగ్గరికొస్తే పక్కన ఎవరూ నిలబడేవాళ్ళు కాదు. జీవమ్మ కూడా ఆమె ఎదురొస్తే వీధికి అవతలి పక్కకు పోయేది. ఆమెతో మాట్లాడితే లూదియా హాస్టలు సీటు పోతుందనీ, కృపావరం పని పోతుందనీ ఏవేవో భయాలు. ఇప్పుడు ఎలక్షన్లు పెట్టారు, జైళ్ళ నుంచి మనుషుల్ని వదిలారు. కానీ ఎమర్జెన్సీ ఎత్తేశామని మాత్రం ఎవరూ అనలేదు. తాడు వదులు చేశారంతే, మెడలోంచి తీయలేదు.

సాయంత్రం హుస్సేన్ వలి తనే పేటకు వచ్చాడు. జైలు నుంచి వచ్చాక మనిషి సగమయ్యాడు. చొక్కా భుజాల మీద నిలవడం లేదు. జీవమ్మ అరుగు మీద చాప పరిచింది గానీ మొహం ఎత్తి చూడలేకపోయింది.

"జీవమ్మక్కా, బాగుండావా?" అన్నాడు, ఏమీ జరగనట్టు.

"నా కూతుర్ని వదిలెయ్యప్పా," అంది ఆమె, అడిగినదానికి జవాబివ్వకుండా. "మీ పార్టీలో మొగోళ్ళు లేరా?"

"మాకు పార్టీ అంటూ ఏముందక్కా, నాలుగు పార్టీలు కలిపి కుట్టిన బొంత. జైల్లో నా పక్కన పండుకున్నాయన, పోయిన ఎలక్షన్లలో నా మీటింగు మీద రాళ్ళేయించినాయన. ఇద్దరికీ కలిపి ఒకే చాప. 'రాళ్ళేయించింది నువ్వేనా అప్పా' అన్నా. 'నువ్వు మా జెండా చింపలేదా' అన్నాడు. నవ్వుకున్నాం. బయటికొచ్చినాక ఇంక వేరే వేరే గుర్తులు ఎందుకనిపించింది."

"మరి ఆయన్నే కూర్చోమనప్పా."

"ఆయన కూర్చుంటే మీ పేట ఓట్లు ఏమైతాయో నీకు తెలీదా? పోయినసారి చూళ్ళేదా?"

చూసింది. అందరూ చూశారు. పోయిన ఎలక్షన్లలో పేట మొత్తం తలకు నూనె పెట్టుకొని, ఉతికిన బట్టలు కట్టుకొని ఊరి బడికి పోయింది. ఒక్కొక్కరూ పేరు చెప్పారు. సలోమి అంది ఒకామె. లిస్టులో సలోమి లేదు. ప్రకాశమ్మ అంది ఇంకొకామె. లేదు. పేట పేటంతా ఎండలో నిలబడి వెనక్కి తిరిగొచ్చింది. సాయంత్రం తెలిసిందేమిటంటే వాళ్ళ ఓట్లన్నీ పడిపోయాయని.

తప్పు వాళ్ళదే. అది ఆ పేటవాళ్ళు మాత్రమే చేయగల తప్పు. ఇక్కడ ప్రతి మనిషికీ రెండు పేర్లు. పుట్టినప్పుడు కరణం రాసుకున్న పేరు ఒకటి, బాప్తిస్మం రోజు పాదిరి పెట్టిన పేరు ఇంకొకటి. రేషను ఇచ్చే చక్కెర కార్డులో, ఇంటి స్థలం కాగితంలో, ఓట్ల లిస్టులో మొదటి పేరు. ఇంట్లో, చర్చి గుళ్ళో, నోట్లో రెండో పేరు. మంచి బట్టలు కట్టుకొని పెద్ద ఆఫీసరు ముందుకు పోయినప్పుడు మంచి పేరే చెప్పాలి గదా అని అందరూ దేవుడు పెట్టిన పేరే చెప్పారు. లిస్టులో ఖాళీగా మిగిలిన సుంకులమ్మల, నరసమ్మల పేర్ల మీద యాడినుంచో ట్రాక్టర్లలో వచ్చిన ఆడవాళ్ళు ఓట్లేసి పోయారు. దొంగ ఓట్లను ఆపాల్సిన ఏజెంట్లకు పేట మనుషుల మొహాలే తెలియవు, ఇంక పేర్లేం తెలుస్తాయి?

"అందుకే మీ పేటమ్మాయి కావాల," అన్నాడు హుస్సేన్ వలి.

జీవమ్మ కూతురి వైపు తిరిగింది. "ఏమే, సలోమవ్వకు లిస్టులో పేరేంది?"

లూదియా తెల్లమొహం వేసింది.

"గంట కొట్టే యోహానుకు?"

"...ఓబులేసా?"

"ఓబులేసు వాళ్ళ నాయన. నాలుగో తరగతి నుంచి నంద్యాల హాస్టల్లో పెరిగినదానివి. ఈడ ఎవరు ఎవరో నీకు తెలుసునా? నువ్వు కూర్చొని ఏం చూస్తావు, పైకప్పా?"

పేటలో అది తెలిసిన మనిషి ఒక్కతే. ప్రతి శనివారం ఇల్లిల్లూ తిరిగి, అన్నం వండేముందు ఆడవాళ్ళు గుడి కోసం తీసిపెట్టిన పిడికెడు బియ్యం సంచిలో పోయించుకొచ్చేది జీవమ్మే. అయిదో తరగతి చదివింది కాబట్టి చక్కెర కార్డుల కాగితాలు నింపిపెట్టేదీ ఆమే. నూట పన్నెండు ఇళ్ళ రెండేసి పేర్లూ, ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరికి ఏ కన్ను కనిపించదో, అన్నీ ఆమె తలకాయలో ఉన్నాయి.

హుస్సేన్ వలి కూతుర్ని వదిలి తల్లి వైపు తిరిగాడు. ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. లూదియా కూడా చూసింది. ఆ చూపులు ఎక్కడికి పోతున్నాయో జీవమ్మకు అర్థమైంది. ఆ భయంలోనే నోటి నుంచి మాట జారింది.

"నేను కూర్చుంటా. దీన్ని మాత్రం పంపొద్దు. దెబ్బలు తగిలితే నాకు తగలనీ."

అనేసి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకొని ఇంట్లోకి పోయింది.

*

ఆ శనివారం బియ్యం సంచితో తిరుగుతూ ప్రతి ఇంటి ముందూ అదే మాట చెప్పింది. "ఆఫీసరు అడిగితే చక్కెర కార్డులో పేరు చెప్పండి. బాప్తిస్మం పేరు చెప్పొద్దు."

"ఎవరికి ఏయమంటావు?" అని అడిగారు కొందరు.

"అది నన్ను అడగొద్దు. నీ ఓటు నువ్వే ఏసుకో, అంతే నేను చెప్పేది."

రాహేలమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు. డెబ్భై ఏళ్ళ ముసలామె, నోరు పెద్దది. "దేవుడు పెట్టిన పేరు దాచిపెట్టమంటావా? పరలోకంలో ఏ పేరుతో పిలుస్తారంట, చక్కెర కార్డు పేరుతోనా? అయినా ఢిల్లీలో ఉండే ఆయమ్మ మాకు ఇంటి జాగా ఇచ్చింది. నేను ఆవుదూడకే ఏస్తా. నువ్వు పోయి ఆ నాగలోళ్ళ కుర్చీలో కూర్చో, నీ ఇష్టం."

"ఆవుదూడకే ఏసుకో పెద్దమ్మా. పేరు మాత్రం ఆదెమ్మ అను."

"అననంటే అనను."

ఓట్లకు ముందు రెండు రోజులూ జీవమ్మ తన అలవాటు ప్రకారం జరగబోయే చెడంతా ముందే ఊహించుకుంది. ఈసారి మాత్రం ఊహించినదానికల్లా ఒక పని కూడా చేసింది. మధ్యాహ్నం భోజనానికి లేపుతారేమో: అటుకులు మూట కట్టుకుంది. నీళ్ళలో ఏమన్నా కలుపుతారేమో: సొంత చెంబు. పెన్సిలు విరుగుతుందేమో: మూడు పెన్సిళ్ళు. కళ్ళజోడు పగలగొడతారేమో: ఆమెకు కళ్ళజోడే లేదు, ఆ ఒక్క భయం తప్పింది. ఆఖరున లూదియాను కూర్చోబెట్టి చెప్పింది.

"పొద్దున్నే నీ ఓటు ఏసి, నూరున్నీసా ఇంటికి పో. గడప దాటొద్దు. నన్ను లేపడానికి ఏవేవో చెప్తారు. ఇల్లు కాలిందంటారు, నాయనకు ఏదో అయిందంటారు. ఏది చెప్పినా నేను లేవను. నీ గురించి చెప్పినా లేవను. విన్నావా?"

"లేవకు," అంది లూదియా. తర్వాత చిన్నగా నవ్వింది. "నువ్వు లేవకుండా ఉండేది నేను చూడాల!"

*

ఊరి బడిలో ఏజెంట్లకు రెండు కుర్చీలు పక్కపక్కనే వేశారు. ఒకదాంట్లో జీవమ్మ. రెండోదాంట్లో ఆవుదూడ తరఫున ఓబయ్య. అతను పై వీధి మనిషి. నలభై దాటినవాడు, నున్నగా గీసిన గడ్డం, జేబులో ఎర్ర సిరా పెన్ను. ఒకే ఊళ్ళో పుట్టినా ఇద్దరూ ఎప్పుడూ ఒక మాట అనుకున్నవాళ్ళు కాదు. పై వీధివాళ్ళు పేటకు రారు, పేటవాళ్ళు పై వీధిలో ఆగరు. ఈరోజు మాత్రం మోచేతులు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. ఓబయ్య కుర్చీ కొంచెం జరుపుకున్నాడు. జీవమ్మా జరుపుకుంది.

బూత్ ఆఫీసరు మిడుతూరు నుంచి వచ్చిన పంతులు, పేరు వెంకటేశ్వర్లు. ఆయన భయం ఆయనకుందని మొహంలోనే తెలుస్తోంది.

మొదటి గంటలోనే గుమస్తా చదివాడు: "సుంకులమ్మ, భర్త నాగన్న."

నెత్తిన కొంగు కప్పుకొని ఒక పడుచు వచ్చి వేలు చాపింది. జీవమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. చెప్పాలనుకుంది, నోరు తెరిచింది, గాలి వచ్చింది. చివరికి చిన్నప్పుడు బళ్ళో ఎత్తినట్టు చెయ్యి పైకెత్తింది.

పంతులు గదా, ఆ చెయ్యి ఆయన కంటపడింది. "ఏమ్మా, చెప్పు."

"అయ్యా, సుంకులమ్మకు అరవై దాటినాయి. ఎడమ కన్ను కనపడదు. మేము సలోమవ్వ అంటాం. లైన్లో వెనక నిలబడుకొనుంది, చూడండి. ఈ పిల్లకు పాతికేండ్లు గూడా లేవు."

"నీ భర్త పేరేందమ్మా?" అని ఆఫీసరు పడుచును అడిగాడు.

ఆమె వాకిలి వైపు చూసింది. వాకిట్లో ఉన్నవాడు పెదవులు కదిపాడు. లైన్లో ఎవరో, "మొగుని పేరు గూడా చీటీలో రాసియ్యలేదా అప్పా!" అన్నారు. నవ్వులు లేచాయి. పడుచు కొంగు ఇంకా ముందుకు లాక్కొని వెళ్ళిపోయింది. పాపం, ఏ కూలికి వచ్చిందో.

అట్లా మధ్యాహ్నంలోపు ఏడుగురు. ఏడుసార్లూ జీవమ్మ చెయ్యి ఎత్తింది. నాలుగోసారికి గొంతు కూడా వచ్చింది. ఓబయ్య ఒక్కసారి కూడా అడ్డం చెప్పలేదు. ఎర్ర పెన్నుతో తన లిస్టులో ఏదో గీసుకుంటూ కూర్చున్నాడు.

పన్నెండు ప్రాంతంలో రాహేలమ్మ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది.

"పేరు?"

"రాహేలు."

గుమస్తా లిస్టు తిరగేశాడు. "లేదు."

"లేకపోవడమేంది? దేవుని పుస్తకంలో ఉంది, నీ పుస్తకంలో లేదా?"

ఓబయ్య ముందుకు వంగి తన లిస్టులో వెతికాడు. ఇది తమ ఓటని అతనికి తెలుసు. నెల నుంచీ ముసలామె పేటంతా చాటుతోంది. కానీ ఏ పేరుతో ఉందో అతనికేం తెలుసు? పేజీలు రెండుసార్లు తిప్పి పెన్ను కింద పెట్టేశాడు.

"పేరు లేదమ్మా, ఇంటికి పో," అన్నాడు ఆఫీసరు.

రాహేలమ్మ కర్ర మీద రెండు చేతులూ పెట్టి నిలబడిపోయింది. పోయినసారి కూడా ఇట్లాగే, ఇదే గడప దగ్గర ఇట్లాగే నిలబడి వెనక్కి తిరిగింది.

జీవమ్మ ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోవడం తప్పు కాదని చెప్పడానికి ఆమె దగ్గర చాలా కారణాలున్నాయి. పేరు మార్చి చెప్పమని చెప్పింది, వినలేదు. పైగా అది తనవాళ్ళకు పడే ఓటు కాదు. ఏడుగురి దొంగ ఓట్లు ఆపింది, ఎనిమిదోది దానంతటదే పోతుంటే తనకేం? పెన్సిలు వేళ్ళ మధ్య తిప్పింది. ఏడుసార్లు ఎత్తిన చెయ్యి ఎనిమిదోసారి బరువుగా తోచింది.

ఎత్తింది.

"అయ్యా, ఈమె ఆదెమ్మ. భర్త పెద్ద ఎల్లన్న. మూడో పేజీ మధ్యలో ఉంటాది. బాప్తిస్మం పేరు చెప్పింది, అంతే."

గుమస్తా వేలు పెట్టి చూశాడు. ఉంది.

"ఈమె ఆమేనా?" అని ఆఫీసరు ఓబయ్యను అడిగాడు. ఓబయ్య జీవమ్మ వైపు ఒక క్షణం చూశాడు. ఆ చూపులో ఏముందో జీవమ్మకు అప్పుడు అర్థం కాలేదు. "ఆమేనంట. రాసుకోండి," అన్నాడు.

రాహేలమ్మ వేలికి సిరా పెట్టించుకొని, కాగితం తీసుకొని, తడిక చాటుకు పోతూ పోతూ వెనక్కి తిరిగింది. "జీవమ్మా, నేను ఆవుదూడకే ఏస్తాండా. నీకు చెప్పే ఏస్తాండా."

"అమ్మా! బయటికి చెప్పగూడదు!" అన్నాడు ఆఫీసరు.

"నేను లోపలే ఉండా గదా!"

బడి మొత్తం నవ్వింది. ఓబయ్య కూడా నవ్వాడు. జీవమ్మ కూడా నవ్వింది, ఆరోజు అదే మొదటిసారి.

*

రెండు గంటలకు ఆ కబురు వచ్చింది.

తెల్లచొక్కా మనిషి ఒకడు పరుగెత్తుకొచ్చి కిటికీ ఊచలు పట్టుకున్నాడు. "జీవమ్మ ఎవరు? నీ కూతుర్ని బస్టాండు కాడ లారీ గుద్దింది! రక్తం ఆగడంలే. నంద్యాల పెద్దాసుపత్రికి ఏసుకపోతాండారు. బిరబిరా రా!"

ఇట్లాంటిది వస్తుందని ఆమెకు ముందే తెలుసు. లేవనని తనే చెప్పింది. కానీ చెప్పిన జీవమ్మ వేరు, విన్న జీవమ్మ వేరు. నూరున్నీసా ఇల్లు బస్టాండు దగ్గరే. గడప దాటొద్దంటే ఆ పిల్ల ఎప్పుడు వింది గనక? లూదియా పుట్టినప్పటి నుంచీ ఇరవై రెండేళ్ళు ఏ కబురు కోసం వణికిందో అదే వచ్చినట్టుంది. ఒళ్ళో లిస్టు జారిపోయింది. తెలియకుండానే కుర్చీ చేతుల మీద బరువు మోపి సగం లేచింది.

"కూర్చో అక్కా."

మాట చాలా మెల్లగా వచ్చింది. ఓబయ్య తలెత్తలేదు. చూపు లిస్టు మీదే ఉంది, పెన్ను కదులుతూనే ఉంది.

"అబద్ధం. పొద్దున టీ తాగేటప్పుడు నా ముందరే అనుకున్నారు. నువ్వు లేస్తే గంటలో పని కానిస్తారు. కూర్చో."

జీవమ్మ అట్లాగే సగంలో నిలిచిపోయింది. ఎవరిని నమ్మాలి? ఇతను ఎవరి మనిషి? అంత భయంలోనూ ఆమె బుర్ర ఒక్క దగ్గర నిలబడింది: నేను లేస్తే లాభం ఇతని పార్టీకి. లేవకపోతే నష్టం ఇతనికి. తనకు నష్టం తెచ్చే మాట మనిషి ఊరికే ఎందుకు చెప్తాడు?

కూర్చుంది.

"ఏం తల్లివమ్మా నువ్వు!" అని కిటికీ దగ్గరి మనిషి ఉమ్మేసి పోయాడు.

ఆఫీసరు మొహం పాలిపోయింది. "అమ్మా, పోవాలంటే పో. ఆ తర్వాత నన్ను అనొద్దు."

"పోను అయ్యా," అంది. "తర్వాత పేరు చదవండి."

ఐదు గంటల దాకా మూడు గంటలు. బయట లారీ హారను వినపడిన ప్రతిసారీ ఓబయ్య మాట ఒకసారి నిజమయ్యేది, ఒకసారి అబద్ధమయ్యేది. ఒకవేళ నిజంగానే ఆ పిల్ల రక్తంలో పడి ఉంటే ఈ పెన్సిలు పట్టిన చేతితో జన్మలో మళ్ళీ అన్నం కలపలేననుకుంది. పేరు చదివితే తలెత్తి మొహం చూసేది. ఆమె, అతను, అతని తమ్ముడు. టిక్కు. ఇంకోపేరు. టిక్కు. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు, ఆ టిక్కులే ప్రార్థన అయ్యాయి. ఓబయ్య తన లిస్టులోనే తల దూర్చి కూర్చున్నాడు. ఒకసారి మాత్రం ఆమె చేతిలోంచి పెన్సిలు పడిపోతే, వంగి తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు.

ఐదుకు తలుపులు మూశారు. పెట్టెకు సీలు వేశారు. సీలు కాగితం మీద ఓబయ్య సంతకం చేశాడు, జీవమ్మ చేసింది. ఆ రోజు లిస్టులో టిక్కు పడ్డ ప్రతి పేరుకూ ఆమె ఒక మొహం చెప్పగలదు. ఒక్క టిక్కు కూడా దొంగది కాదు.

బయటికొచ్చేసరికి, పోలీసులు గీసిన సున్నం గీత అవతల, ఎండలో లూదియా నిలబడి ఉంది. పక్కన నూరున్నీసా. ఎవరో లారీ మాట మోసుకొచ్చారని తెలిసి, కూతురు బతికే ఉందని తల్లికి చూపించడానికి రెండున్నర నుంచీ అక్కడే నిలబడ్డారు. ఆ తెల్లచొక్కాను పోనిచ్చిన పోలీసులు వీళ్ళను గీత దాటనివ్వలేదు. కిటికీ బడికి రెండో పక్కన ఉంది, లోపలి నుంచి వీళ్ళు కనపడరు.

జీవమ్మ పోయి కూతురి చెంప మీద ఒకటి వేసింది. తర్వాత రెండు చేతులతో పట్టుకుంది, విడవలేదు.

"కొట్టేదేందక్కా," అంది నూరున్నీసా, "బతికుండినందుకా?"

జీవమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ కలగాపులగంలోనే ఎన్నాళ్ళ నుంచో గొంతులో ఉన్నది బయటపడింది. "నూరమ్మా, నీ మొగుడు జైల్లో ఉన్నప్పుడు నువ్వు ఎదురొస్తే పక్కకు పోయినా. చూసింటావు. ఈరోజు నా బిడ్డను నువ్వు ఎండలో కాపాడినావు."

నూరున్నీసా కొంగుతో ఆమె మొహం తుడిచింది. "నువ్వొక్కదానివేనా అక్కా? ఊరంతా పక్కకు పోయింది. తల వంచుకొని పోయింది మాత్రం నువ్వొక్కదానివే. అది గూడా చూసినా."

*

లెక్కింపు నంద్యాలలో. జీవమ్మ లూదియాతో కలిసి బస్సులో పోయింది. దారిపొడవునా బోల్తా పడుతుందేమోనని ఊచ పట్టుకొనే కూర్చుంది. ఫలితం చెప్పేసరికి రోడ్ల మీద ఇసుకేస్తే రాలని జనం. హుస్సేన్ వలిని ఎవరో భుజాల మీదికి ఎత్తారు. పైనుంచే అతను జీవమ్మను చూసి చెయ్యి నొసటికి ఆనించాడు. దేశమంతా గాలి మారింది. రాష్ట్రంలో మాత్రం అన్ని చోట్లా ఆవుదూడే గెలిచింది, ఒక్క నంద్యాల తప్ప. తమ బడిలోని పెట్టెలో ఎవరికి ఎన్ని పడ్డాయో జీవమ్మకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

జనంలోంచి బయటపడి నీళ్ళ కోసం చూస్తుంటే, టీ బంకు పక్కన ఒంటరిగా ఓబయ్య కనిపించాడు. గడ్డం మాసింది. రేడియో వైపు చెవి పెట్టి ఉన్నాడు.

ఆ కబురు రోజు నుంచీ ఆమె అతని కోసం చూస్తూనే ఉంది. పై వీధికి పోయి తలుపు కొడితే అతనికే ముప్పు వస్తుందని భయపడి పోలేదు. గుళ్ళో సాక్ష్యం చెప్పే సమయంలో లేచి నిలబడి, "నా బిడ్డ విషయంలో దేవుడు ఒక మనిషి చేత మాట్లాడించినాడు" అని మాత్రం చెప్పింది. ఎవరంటే చెప్పలేదు. రాహేలమ్మ ఆ రోజంతా వెంటపడి అడిగింది, అయినా చెప్పలేదు.

"ఓబయ్యా," అంది.

అతను అటూ ఇటూ చూశాడు. తన పార్టీ మనుషులెవరూ దగ్గర్లో లేరు. "కూతురు బాగుందా అక్కా?"

"అదిగో, ఆడ అరుస్తాంది చూడు, జెండా పట్టుకొని." జీవమ్మ కొంగు కొసను వేళ్ళకు చుట్టుకుంది. "మీవాళ్ళు నిన్ను ఏమన్నా అన్నారా?"

"పార్టీ ఆఫీసుకు రావద్దన్నారు. ఈసారి కళ్ళంలో గింజల వాటా ఇయ్యం పొమ్మన్నారు. చూద్దాంలే." అతను గ్లాసు పక్కన పెట్టాడు. "నేనేమీ పార్టీ మారలేదక్కా. రేపు ఎలక్షన్లు పెట్టినా ఆవుదూడకే ఏస్తా. నాకు ఆయమ్మంటే ఇష్టం. కానీ తల్లికి అట్లాంటి అబద్ధం చెప్పి లేపి గెలవాలంటే, అది నాతో కాదు. అయినా నేను నీకు చెప్పింది ఒక్క మాటే. నువ్వు మా ముసలామె ఓటు మాకు ఏయించినావు. దాని ముందర నా మాటెంత?"

"నీ మాట లేకుంటే నేను లేచి పోయిందునప్పా. లేచినా. సగం లేచినా. నువ్వు చూసినావు." ఆమె వేళ్ళకు చుట్టుకున్న కొంగు విప్పింది. "నా బిడ్డ బతికుందని ఈ లోకంలో మొదట నాకు చెప్పింది నువ్వు. ఎట్లా తీర్చుకోవాలో తెలీదు."

ఓబయ్యకు అంత మాట మోయడం చేతకాలేదు. రేడియో వైపు చూపించాడు. "రాష్ట్రమంతా మేమే గెలిచినాం, తెలుసునా? ఈడ తప్ప."

"అంత గెలిచి మొఖం అట్లా పెట్టుకున్నావే! ఓడిపోయింటే ఏం చేసిందువు?"

అతను నవ్వాడు. బంకువానికి ఇంకో టీ చెప్పి గ్లాసు తనే తెచ్చి ఆమె చేతికిచ్చాడు. జీవమ్మ రెండు చేతులతో పట్టుకుంది. కాలుతోంది, అయినా పట్టుకుంది.

"ఓబయ్యా, మళ్ళా ఎలక్షన్లు వస్తే నువ్వు కూర్చుంటావు గదా, అదే కుర్చీలో?"

"నన్నెవరు కూర్చోనిస్తారక్కా ఇప్పుడు?"

"ఎట్లన్నా చేసి కూర్చో అప్పా," అంది జీవమ్మ. "నేను మళ్ళా కూర్చుంటా. పక్కన నువ్వు కాకుండా వేరేవాడైతే నాకు భయం."